ఇంటి అప్పు ముందు తీర్చాలా, పదవీ విరమణకు పొదుపు ముందు చేయాలా? నెలకు 12,000 మిగులుపై సలహా కోరుతున్నాను

ప్రశ్న: ప్రభుత్వ ఉపాధ్యాయుడు, కర్నూలు

పెద్దలకు నమస్కారం. నా వయసు 46. కోడుమూరు వైపు ఒక ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. 2010లో ఉద్యోగంలో చేరాను కనుక పాత పింఛను వర్తించదు, సీపీఎస్ అనే వాటాల పింఛను పథకం కిందనే ఉన్నాను. నా వాటాగా నెలకు 8,500, ప్రభుత్వ వాటాగా మరో 8,500 జమ అవుతున్నాయి. ఆ సొమ్ము చేరే నా పింఛను ఖాతాలో (ప్రాన్ ఖాతా) ఇప్పటికి 26 లక్షలున్నాయి.

2020 జనవరిలో 27 లక్షల బ్యాంకు అప్పుతో కల్లూరులో ఇల్లు కొన్నాము. ఇరవై ఏళ్ల గడువు, మారే వడ్డీ, నెలకు 22,800 కంతు. కరోనా సమయంలో మూడు నెలలు కట్టలేదు. పోయిన నెల స్టేట్‌మెంటు తీయించి చూస్తే ఇంకా 24 లక్షల అసలు మిగిలే ఉంది, వడ్డీ 8.4 శాతం ఉంది. 2040 జనవరిలో తీరవలసిన అప్పు 2041 చివరిదాకా సాగింది. గడువు పెంచిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, లేదా వచ్చిన సందేశాన్ని నేనే చదవలేదేమో తెలియదు. 62 ఏళ్లు నిండి నేను ఉద్యోగం నుంచి దిగేది కూడా 2041లోనే.

కోతలన్నీ పోగా చేతికి వచ్చేది 82,000. ఇంటి కంతు 22,800, చెల్లెలి పెళ్లికి 2022 వేసవిలో తెచ్చిన లక్షన్నర చేబదులుకు వడ్డీ 3,000, చీటీ 5,000, పాలు, సరుకులు, కూరగాయలు, గ్యాసు కలిపి 14,000, పెద్దవాడి ఇంటర్ ఫీజు, ఎనిమిదేళ్ల పాప బడి ఫీజు నెలకు పంచి చూస్తే 11,500, కరెంటు, ఫోను, నీళ్లు 4,000, పెట్రోలు 3,000, పత్తికొండ దగ్గర ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మందులు 4,000, బీమా 3,000. ఇవన్నీ పోగా ఇంచుమించు 12,000 మిగులుతోంది.

ఇల్లు పూర్తిగా మనదైతే తప్ప నిద్ర పట్టదని మా ఆవిడ అంటుంది. స్టాఫ్ రూములో మిత్రులేమో ఇంటి అప్పు ఉంటేనే పన్ను తగ్గుతుందని, దాన్ని ముందుగా తీర్చడం తెలివితక్కువ పని అని, ఆ సొమ్మును ముసలితనానికి దాచుకొమ్మని చెబుతున్నారు. ఈ 12,000 ఎటు పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, అనంతపురం

మాస్టారూ, మీ లెక్కలో చీటీకి ముందు ఒక మాట రాసి దాటిపోయారే, ఆ 3,000 వడ్డీ, ముందు దాని సంగతి చూద్దాం. లక్షన్నరకు నెలకు 3,000 అంటే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. మీ ఇంటి అప్పును కూడా మన ఊరి లెక్కలోకి మార్చి చూడండి. 8.4 శాతం అంటే నూటికి నెలకు 70 పైసలు, ముప్పావలా వడ్డీ కూడా కాదు. డెబ్బై పైసల అప్పును ముందు తీర్చాలా అని మథనపడుతూ రెండు రూపాయల అప్పును అలాగే నడుపుతున్నారు. మూడున్నరేళ్లలో 1,26,000 వడ్డీ కట్టి ఉంటారు, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. పైగా మూడేళ్లు దాటింది కనుక నోటు తిరగరాసే ఉంటారు.

ఇంట్లో నగలు ఉంటే ఏదైనా బ్యాంకులో కుదువ పెట్టి ఆ అప్పు ఈ నెలలోనే తీర్చేయండి. బంగారంపై బ్యాంకు అప్పు రూపాయి వడ్డీ లోపలే దొరుకుతుంది. మీకు మిగులుతున్న 12,000కు ఆదా అయ్యే 3,000 కలిపి నెలనెలా కడితే పదకొండు నెలల్లో నగలు ఇంటికి వస్తాయి. డబ్బు ఇచ్చేటప్పుడు నోటు వెనక్కి తీసుకుని, దాని మీద చెల్లు రాయించుకోవడం మరవకండి. మొహమాటానికి పోయి నోటు అవతలివారి దగ్గరే వదిలేసి, తరువాత కోర్టు మెట్లెక్కినవారిని నా ఉద్యోగ కాలంలో చాలామందిని చూశాను.

ఇక పన్ను సంగతి. మీ మిత్రులు చెప్పే మాట ఒకప్పటిది. సొంతంగా నివసించే ఇంటి అప్పు వడ్డీపై 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు, జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు అదనం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ స్థూల జీతం నెలకు 95,000 దరిదాపుల్లో ఉంటుంది. అలాంటప్పుడు అప్పు ఉన్నా, లేకపోయినా మీరు కట్టే పన్ను సున్నా. పన్ను కోసం అప్పు ఉంచుకోవడమనే వాదన మీ విషయంలో నిలవదు.

గడువు ఎందుకు సాగిందో కూడా చెబుతాను. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. రేటు పెరిగినప్పుడు బ్యాంకులు సాధారణంగా కంతు ముట్టుకోకుండా నెలల సంఖ్య పెంచుతాయి, కంతు మారదు కనుక ఖాతాదారుడికి తెలియదు. దీనిపై ఫిర్యాదులు పెరిగాకనే, కంతు పెంచాలా, గడువు పెంచాలా అనే ఎంపిక అప్పు తీసుకున్నవారికే ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మీరు ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగవచ్చు.

మీ 22,800 కంతులో ఈ నెల వడ్డీకి పోయేది 16,800, అసలుకు చేరేది 6,000 మాత్రమే. అంటే మీరు నెలకు మరో 6,000 వేస్తే అసలు తీరే వేగం ఒక్కసారిగా రెట్టింపు అవుతుంది. వడ్డీ రేటు ఇలాగే ఉంటే 16 ఏళ్ల అప్పు పదిన్నర ఏళ్లలో ముగుస్తుంది, వడ్డీలో ఏడున్నర లక్షల దాకా మిగులుతుంది. మారే వడ్డీ గల ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు వ్యక్తుల నుంచి బ్యాంకులు జరిమానా వసూలు చేయకూడదని 2012 నుంచే నిబంధన ఉంది. అయితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. అదనంగా కట్టేటప్పుడు “కంతు తగ్గించవద్దు, గడువు తగ్గించండి” అని స్పష్టంగా రాసి ఇవ్వాలి. రాయకపోతే కొన్నిచోట్ల కంతు తగ్గించి, గడువు అలాగే ఉంచుతారు. నెలకు నాలుగు వందలు తగ్గిందని మనం సంతోషిస్తాం, 2041 మాత్రం కదలదు.

జవాబు: గృహిణి, కర్నూలు పాతబస్తీ

సార్, పై పెద్దాయన చెప్పినదంతా సబబుగానే ఉంది. నాకు ఒక్కచోటే అనుమానం. మీకు నెలకు 12,000 నిజంగా మిగులుతోందా? కాగితం మీద మిగలడం వేరు, చేతిలో మిగలడం వేరు. పోయిన పన్నెండు నెలల పాసుపుస్తకం తీసి, మొదటి నెల నిల్వకు, చివరి నెల నిల్వకు తేడా చూడండి. అదే మీ అసలు మిగులు.

నేను ఇరవై ఏళ్లుగా ఇంటి లెక్క రాస్తున్నాను. మొదట్లో మీలాగే నెలవారీగా రాసి, ప్రతి ఏడూ మోసపోయేదాన్ని. మన వైపు సంసారం నెలల లెక్కన నడవదు. సంక్రాంతి దాటాక కొత్త సోనా బియ్యం మిల్లు నుంచి ఆరు బస్తాలు ఒకేసారి వేసుకుంటాం. ఎండాకాలం మొదట్లో చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు ఏడాదికి సరిపడా కొంటాం, గానుగ నూనె డబ్బాలు తెచ్చుకుంటాం. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు. శ్రావణంలోనూ, మాఘం నుంచి వైశాఖం దాకానూ పెళ్లిళ్లు, చదివింపులు. ఇవేవీ మీ లెక్కలో కనిపించలేదు. నేను ఇలాంటి ఏడాది ఖర్చులన్నీ ఒక పేజీలో రాసుకుని, మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ఆ సొమ్మును జీతం పడిన రోజే పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తాను. నిరుడు అది నెలకు 6,300 వచ్చింది. మీది అంత ఉండకపోవచ్చు, సున్నా మాత్రం కాదు.

రెండో మాట. మిగిలినదంతా బ్యాంకు అప్పులో పోసేయకండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా కింది భాగమంతా మునిగింది. నీళ్లు తీశాక బీరువా తలుపు తెరుచుకోలేదు, గునపంతో తీస్తే పట్టుచీరలన్నీ ఒకే ముద్దగా బయటికి వచ్చాయి, బియ్యం బస్తాలు ఉబ్బి పగిలి వాసన పట్టాయి. ఇల్లు నిలిచింది, ఇంటి మీద మాకు అప్పు కూడా లేదు. కానీ పొయ్యి, పరుపులు, పిల్లల పుస్తకాలు కొనడానికి చేతిలో రూపాయి లేక, ఆ నెలలోనే మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఇల్లు తనఖా పెట్టి తెచ్చుకునేంత తీరిక ఆ రోజుల్లో ఎవరికుంది? అందుకే మీ ఇంటి ఖర్చు రెండు నెలలకైనా సరిపడే నగదు, లక్షన్నర దాకా, వేరే ఖాతాలో కదపకుండా ఉంచుకున్నాకనే అదనపు కంతు మొదలుపెట్టండి.

ఆ చీటీ రిజిస్టరైనదేనా? తెలిసినవారు నడిపేదైతే అది అయిపోయేదాకా కట్టి, మళ్లీ చేరకండి. మా వీధిలో పద్దెనిమిది నెలలు సక్రమంగా నడిచిన చీటీ పంతొమ్మిదో నెల ఆగిపోయింది, మాకు రావలసిన 40,000 ఈనాటికీ రాలేదు. మీ పాపకు ఎనిమిదేళ్లే కాబట్టి పదేళ్లు నిండకముందే ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో ఖాతా తెరవండి. 8.2 శాతం వడ్డీ వస్తోంది, ఏడాదికి 250 వేసినా ఖాతా నిలుస్తుంది.

జవాబు: ప్రైవేటు సంస్థలో లెక్కల విభాగం ఉద్యోగి, కడప

చేబదులు విషయంలో నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఆ తరువాత వచ్చే 12,000 మొత్తాన్ని ఇంటి అప్పుకే వేస్తే బాగుంటుందని చాలామంది సలహా ఇస్తారు. దాన్ని మాత్రం కొంచెం జాగ్రత్తగా చూడాలి.

మొత్తం అప్పుకే వేస్తే అది 95 నెలల్లో, అంటే ఎనిమిదేళ్ల లోపే తీరుతుంది. ఆ తరువాత ఖాళీ అయ్యే 34,800ను మిగిలిన ఎనిమిదేళ్లూ 7.1 శాతానికి దాస్తే 45 లక్షలు దాటుతుంది. అలా కాకుండా అప్పును దాని దారిన వదిలి, 12,000ను పదహారేళ్లూ అదే 7.1 శాతానికి దాస్తే 42 లక్షలు దాటుతుంది. చేతిలో ఉన్నదంతా ఒకవైపే పెట్టినా తేడా మూడు లక్షల లోపే. ఆ తేడా కూడా కాగితం మీదిదే. ఎందుకంటే 7.1 శాతం పన్ను లేకుండా ఇచ్చే ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో ఒకరి పేరున ఏడాదికి 1,50,000 మించి వేయనివ్వరు. నెలకు 34,800 అంటే ఏడాదికి 4,17,600, భార్యాభర్తలిద్దరి ఖాతాలు కలిపినా అందులో పట్టదు. గడిచిపోయిన సంవత్సరపు పరిమితి తిరిగి రాదు కనుక, రెండింటినీ ఒకేసారి నడపడమే మేలని నా అభిప్రాయం: 6,000 అప్పుకు, 6,000 పీపీఎఫ్‌కు. ఈ 2026 మార్చి 31 లోపు ఖాతా తెరిస్తే దాని పదిహేనేళ్ల గడువు 2041 ఏప్రిల్ 1కి సరిగ్గా ముగుస్తుంది, మీరు దిగే ఏడాదే. మొదట 500 వేసి తెరిచి ఉంచినా చాలు. నెలకు 6,000 చొప్పున, రేటు ఇలాగే ఉంటే, చేతికి వచ్చేది సుమారు 19 లక్షలు. ప్రతి నెలా 5వ తేదీ లోపు వేయండి, దాటితే ఆ నెల వడ్డీ ఆ సొమ్ముకు రాదు. పదిన్నరేళ్లకు అప్పు తీరాక మిగిలే 66 నెలల్లో 28,800 చొప్పున దాస్తే వడ్డీ లెక్కించకుండానే మరో 19 లక్షలు.

అసలు ఇంత అవసరమా అంటే, మీ సీపీఎస్ లెక్క చూడండి. 26 లక్షలూ, నెలనెలా పడే 17,000నూ ఏటా 8 శాతం పెరుగుతాయనుకుంటే 2041కి సుమారు కోటీ 59 లక్షలు అవుతుంది. కరువు భత్యంతో పాటు జమ కూడా పెరుగుతుంది కాబట్టి ఇది తక్కువ అంచనానే. అందులో కనీసం 40 శాతంతో తప్పనిసరిగా యాన్యుటీ, అంటే జీవితాంతం నెలనెలా సొమ్ము ఇచ్చే పథకం, కొనాలి. ఆరు శాతం చొప్పున అది నెలకు 32,000 దాకా ఇస్తుంది, ఆ 32,000 ఏళ్లు గడిచినా పెరగదు. పాత పింఛనుకూ దీనికీ ఉన్న అసలు తేడా అక్కడే. పిల్లల చదువులు, కంతులు తీసేస్తే మీ ఇద్దరికీ, పెద్దలకూ ఇవాళ అయ్యే ఖర్చు 30,000 అనుకుందాం. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పదహారేళ్లకు అదే సంసారానికి 76,000 కావాలి. చేతికి వచ్చే 60 శాతం, అంటే 95 లక్షలు, ఈ లోటు పూడ్చడానికే ఉండాలి. ఆ రోజుకు ఇంటి అప్పు మిగిలి ఉన్నా, పాప పెళ్లి ఖర్చు దానిమీదే పడినా, లెక్క తప్పుతుంది.

షేర్ల ఫండ్ల గురించి మీరు అడగలేదు. సీపీఎస్ సొమ్ములో అధిక భాగం బాండ్లలోనే ఉంటుంది కాబట్టి, పదహారేళ్ల కాలానికి నెలకు రెండు, మూడు వేలు నిఫ్టీ లాంటి షేర్ల సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండులో పెట్టడం తప్పు కాదు. కానీ 2020 మార్చిలో నిఫ్టీ 7,600 దగ్గరికి పడినప్పుడు నేను భయపడి మొత్తం అమ్మేసినవాణ్ణి. ఎవరికైనా సలహా ఇచ్చే అర్హత ఆ విషయంలో నాకు తక్కువ.

ఇంకొకటి. మీరు రాసిన 3,000 బీమా ఎలాంటిదో చూసుకోండి. మన వైపు ఎక్కువమందికి ఉన్నవి పొదుపు పాలసీలు, అయిదు లక్షలకు మించి రక్షణ ఉండదు. 24 లక్షల అప్పు తలపై ఉన్నవారికి కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా రక్షణ మాత్రమే ఇచ్చేది, ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై జీఎస్టీ కూడా తీసేశారు.

జవాబు: ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా జవాబిస్తున్నందుకు మన్నించండి, చెప్పిన పనులు కొన్ని చేశాకనే రాద్దామని ఆగాను.

ముందు పాతబస్తీ అమ్మగారు చెప్పినట్లు పాసుపుస్తకం చూశాను. పన్నెండు నెలల్లో నిల్వ పెరిగింది 62,000 మాత్రమే, అంటే నెలకు అయిదు వేల పైచిలుకు. మిగిలిన ఏడు వేలు ఎటు పోయాయో మా ఆవిడ వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది: నాన్న కంటి ఆపరేషను, బండి టైర్లు, తొమ్మిది పెళ్లిళ్లు, వేసవిలో కొన్న మిరపకాయలు, చింతపండు. నేను స్టాఫ్ రూములో కూర్చుని గొప్పగా చెప్పుకున్న 12,000 ఎప్పుడూ లేనేలేదు.

చేబదులు తీరింది. నగలు కుదువ పెట్టడానికి ఆవిడ ఒప్పుకోదేమో అనుకున్నాను. నేను నోరు తెరవకముందే హారం, గాజులు తెచ్చి బల్లమీద పెట్టి, “మూడున్నరేళ్లుగా ఈ మాట మీరెప్పుడు అంటారా అని చూస్తున్నాను” అంది. లక్షన్నరకు ఏడాదికి 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నోటు వెనక్కి తీసుకున్నాను, చెల్లు రాయించాను. అప్పిచ్చిన పెద్దమనిషి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

చీటీ రిజిస్టరు కానిదే, తెలిసినవారే నడుపుతున్నారు. ఇరవై నెలల లక్ష రూపాయల చీటీ, ఇంకా ఏడు నెలలుంది. పాట పాడకుండా చివరిదాకా ఉంటే ఖర్చులు పోను 95,000 దాకా వస్తుంది. నిజంగా మిగిలే 5,000, వడ్డీ తప్పిన 3,000 నెలనెలా బంగారం అప్పుకు కడుతూ, చీటీ సొమ్ము కూడా అందులోనే వేస్తే ఎనిమిదో నెలకు నగలు విడిపించవచ్చు. అక్కడి నుంచి చీటీ కట్టనవసరం లేదు కాబట్టి నెలకు 13,000 మిగులుతుంది. మొదటి ఆరు నెలలు అదంతా విడి ఖాతాలో వేసి చేతినిల్వగా ఉంచుతాం. తరువాత 6,000 ఇంటి అప్పుకు, 5,000 పీపీఎఫ్‌కు, 2,000 ఆ విడి ఖాతాకే. పీపీఎఫ్ ఖాతా ఆవిడ పేరున పోస్టాఫీసులో 500 వేసి తెరిచాము, పాపకు సుకన్య ఖాతా కూడా అదే రోజు అయింది. ఫండ్ల జోలికి ఇప్పట్లో వెళ్లను.

బీమా కాగితాలు చూస్తే కడప మిత్రుడు ఊహించినట్లే మూడు పాలసీలూ కలిపి నాలుగున్నర లక్షల రక్షణే ఉంది. టర్మ్ పాలసీకి దరఖాస్తు చేశాను, వైద్య పరీక్ష కావాలన్నారు.

బ్యాంకుకు వెళ్లినప్పుడు కౌంటరులో ఉన్న అమ్మాయి అన్నీ ఫోనులోనే చేసుకోవచ్చని చెప్పింది. అక్కడే నిలబడి తెరిచి చూస్తే అదనంగా కట్టే వీలుంది కానీ గడువు తగ్గించే ఎంపిక ఎక్కడా కనిపించలేదు. అందుకని రెండు ప్రతుల్లో లేఖ రాసి, ఇకపై అదనంగా కట్టే ప్రతి రూపాయీ గడువుకే తగ్గించాలని, 2022 నుంచి గడువు ఏయే తేదీల్లో ఎన్ని నెలలు పెరిగిందో రాతపూర్వకంగా తెలపాలని కోరాను. ఒక ప్రతిమీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకున్నాను. పదిహేను రోజుల్లో కొత్త షెడ్యూలు ఇస్తామన్నారు. అది రాగానే చివరి కంతు తేదీ ఏమని ఉందో ఇక్కడే రాస్తాను.